దీవి బడిలో టీచరుద్యోగం: మాల్దీవులకు కుటుంబంతో వచ్చేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి

మాల్దీవులు అనగానే నీళ్ల మీద కట్టిన గదులు, హనీమూన్ ఫొటోలు గుర్తొస్తాయి అందరికీ. అవి రిసార్టులు. టీచర్లకు ఉద్యోగం వచ్చేది జనం ఉండే దీవుల్లో. అక్కడ ఒక బడి, ఒక మసీదు, ఒక హెల్త్ సెంటరు, నాలుగైదు కొట్లు, ఒక జెట్టీ ఉంటాయి. మా దీవి ఈ కొస నుంచి ఆ కొసకి నడిస్తే ఇరవై నిమిషాలు, మధ్యలో తెలిసినవాళ్లు పలకరిస్తే ముప్పావు గంట.

మాది ఒంగోలు. మా ఆవిడ లెక్కల టీచరు. మూడేళ్ల కిందట ఆవిడకు ఉత్తరాన హా ధాలు అటోల్‌లో (అటోల్ అంటే దీవుల గుంపు) ఉద్యోగం వస్తే, నేను చేసుకునే అకౌంట్స్ పని వదిలేసి, ఆరేళ్ల పాపను తీసుకుని వెనకాలే వచ్చాను. కాబట్టి వంట, బజారు, పాప చదువు, పడవ ఎప్పుడొస్తుందన్న కబురు, అన్నీ నా డిపార్ట్‌మెంటే. ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వచ్చాక ఇల్లు ఎలా నడుస్తుందో చెప్పినవాళ్లు మాకు ఒక్కరూ దొరకలేదు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు ఒక్క విషయం తేల్చుకోండి. బడికి వెళ్లే మనిషి సంగతి ఏమీ బెంగ లేదు, బడే చూసుకుంటుంది. బడికి వెళ్లని మనిషి పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు? డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కడ ఉద్యోగం చెయ్యకూడదు. సినిమా హాలు లేదు, మాల్ లేదు, బండేసుకుని చుట్టాలింటికి పోవడం లేదు. మొదటి నెల సముద్రం చూస్తూ గడిచిపోతుంది, రెండో నెల నుంచి గోడలు మీద పడుతున్నట్టు ఉంటుంది. నేను మూడో నెలలో చిన్న విషయానికి, అంటే పచ్చిమిరపకాయలు దొరకలేదని, మా ఆవిడ మీద అరిచాను. తప్పు మిరపకాయలది కాదని ఇద్దరికీ తెలుసు. మీ ఇంట్లో ఆ రెండో మనిషికి ఒక పని, దూరవిద్య కోర్సో, కుట్టుపనో, ఏదో ఒకటి ముందే అనుకుని రండి. అది కుదరదనుకుంటే మొదటి సంవత్సరం టీచరు ఒక్కరే వచ్చి, చూసి, ఆ తర్వాత కుటుంబాన్ని పిలిపించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మావాళ్లలో చాలామంది అలాగే చేస్తున్నారు కూడా.

ఇక కాగితాలు. మీ డిగ్రీ, బీఎడ్ సర్టిఫికెట్లను ఇక్కడ మాల్దీవ్స్ క్వాలిఫికేషన్స్ అథారిటీ పరిశీలిస్తుంది, కాబట్టి ఒరిజినల్స్, అటెస్టేషన్లు, పోలీసు క్లియరెన్సు, పెళ్లి సర్టిఫికెట్టు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు అన్నీ సర్దుకోండి. పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఒకలా, టెన్త్ మెమోలో ఒకలా ఉంటే (మనలో ఇంటిపేరు గొడవ లేనిదెవరికి?) అక్కడున్నప్పుడే సరిచేయించుకోండి, ఇక్కడికొచ్చాక ఒక్క అక్షరం కోసం నెలలు పడుతుంది. ఏజెంటు ద్వారా వస్తుంటే ఆ ఏజెంటు మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉన్నాడో లేదో చూడండి. మా దగ్గర ఒకాయన ‘ప్రాసెసింగ్’ పేరుతో రెండు సార్లు డబ్బు వసూలు చేశాడు, రెండోసారి రసీదు అడిగితే ఫోన్ తీయడం మానేశాడు. మేం నేర్చుకున్న పాఠం అది, మీరు డబ్బు పెట్టి నేర్చుకోనక్కర్లేదు.

ఆఫర్ లెటర్‌ని జీతం అంకె చూసి మడిచి పెట్టేయకండి. ఇల్లు ఇస్తారా లేక అద్దె డబ్బు ఇస్తారా, ఇల్లిస్తే కుటుంబానికా లేక ఇంకో టీచరుతో పంచుకునే గదా, సెలవులకు టికెట్ ఎవరిది, కరెంటు బిల్లు ఎవరిది, కుటుంబానికి వీసా, ఇన్సూరెన్సు ఎవరు చూస్తారు, ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి. ఇక్కడి పౌరులకు వర్తించే ఆసంధా అనే ఆరోగ్య పథకం మనకు రాదు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాట పడకండి. ఏమీ అనుకోరు.

డబ్బు విషయం కాస్త నిదానంగా చదవండి, అందరూ బోల్తా పడేది ఇక్కడే. జీతం ఇక్కడి కరెన్సీ రుఫియాల్లో వస్తుంది. అధికారిక రేటు డాలరుకు 15.42 రుఫియాలు. మనం ఏం చేస్తామంటే, జీతాన్ని 15.42తో భాగించి, వచ్చిన డాలర్లను రూపాయల్లోకి మార్చి, ‘అబ్బో’ అనుకుంటాం. కానీ దేశంలో డాలర్లకు కొరత, బ్యాంకు ఆ రేటుకి మీరు అడిగినన్ని డాలర్లు ఇవ్వదు. నెలకు ఇంత మాత్రమే పంపొచ్చని పరిమితి ఉంటుంది, ఆ పరిమితి మారుతూ ఉంటుంది. బయట మార్చుకుంటే రేటు బాగా ఎక్కువ పడుతుంది, పైగా ముక్కూమొహం తెలియనివాడి చేతిలో జీతం పెట్టడం. రాజధాని మాలేలో మన ఎస్‌బీఐ బ్రాంచి 1974 నుంచి ఉంది, చాలామంది భారతీయ టీచర్లు ఇంటికి పంపేది దాని ద్వారానే. ఒప్పుకునే ముందు, ఆ దీవిలోనో పక్క దీవిలోనో ఇప్పటికే పనిచేస్తున్న మన టీచరు ఒకరిని పట్టుకుని ఒకే ఒక ప్రశ్న అడగండి: ‘పోయిన నెల మీరు ఇంటికి ఎంత పంపగలిగారు?’ ఆ అంకే మీ అసలు జీతం. ఊళ్లో హౌసింగ్ లోను ఈఎమ్ఐ ఉంటే ఆ అంకెతో లెక్క వేసుకోండి, ఆఫర్ లెటర్‌తో కాదు.

సామాను. పచ్చళ్లు, కారం, చింతపండు, ఇంగువ, సాంబారు పొడి, ఇడ్లీ ప్లేట్లు, చిన్న మిక్సీ తెచ్చుకోండి. కరెంటు మనలాగే 230 వోల్టులు, అయితే చాలా ఇళ్లలో సాకెట్లు చదరపు మూడు పిన్నులవి, మన గుండ్రటి పిన్ను దూరదు, కాబట్టి కన్వర్టర్లు ఓ నాలుగు పట్టుకురండి. కుక్కర్ తెచ్చేవాళ్లు గాస్కెట్లు రెండు అదనంగా తెచ్చుకోండి. మాది రెండో నెలలో సాగిపోయింది. మా బ్రాండు గాస్కెట్టు దీవిలో లేదు, పక్క దీవిలో లేదు, మాలే నుంచి ఎవరో తెచ్చింది సైజు కుదరలేదు. నలభై రోజులు కందిపప్పు గిన్నెలో గంటసేపు ఉడకబెట్టాను, గ్యాసు బండ కూడా పడవలోనే రావాలన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా మంట తగ్గిస్తూ. రోజూ వాడే మందులు ఉంటే ప్రిస్క్రిప్షనుతో సహా తెచ్చుకోండి, నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రల లాంటివైతే ముందే అనుమతి సంగతి కనుక్కోండి, మత్తుమందుల చట్టం ఇక్కడ చాలా కఠినం.

తేకూడనివి: మద్యం, పంది మాంసం, పూజా విగ్రహాలు. మూడోది మనవాళ్లకి గుచ్చుకుంటుంది, నాకు తెలుసు. ఇది ముస్లిం దేశం, పూజకని తెచ్చిన విగ్రహాలు కస్టమ్స్‌లో ఆపేస్తారు. మా అత్తగారు చిన్న వెండి వినాయకుణ్ణి పాప గౌనుల మధ్య చుట్టి పెట్టారు. ఇంట్లోనే చూశాం కాబట్టి సరిపోయింది. మన భక్తి మన మనసులో, మన తలుపుల వెనక. బయటికి కనిపించకూడదు, వినిపించకూడదు. వినాయక చవితికి మేం ఒంగోలుకి వీడియో కాల్ పెట్టుకుంటాం, అమ్మ అక్కడ కథ చదువుతుంది, పాప ఇక్కడ ఉండ్రాళ్లు తింటుంది.

ప్రయాణం: విమానం ఎక్కడానికి ముందు 96 గంటల లోపల ఇముగా అనే ఆన్‌లైన్ డిక్లరేషన్ నింపాలి. అది ఉచితం, డబ్బులడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది అసలుది కాదు. మాలే దిగాక మీ దీవికి డొమెస్టిక్ విమానమో, స్పీడ్ బోటో, రెండూనో. మాకు హనిమాధూ దాకా విమానం, అక్కడి నుంచి బోటు. డొమెస్టిక్‌లో లగేజీ పరిమితి తక్కువ, మన ముప్పై కిలోల పెట్టె అక్కడ అదనపు డబ్బు అడుగుతుంది. టైము మన దేశం కంటే అరగంట వెనక.

వారం తిరగబడి ఉంటుంది. ఆదివారం నుంచి గురువారం దాకా బడి, శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం పొద్దున ఒంగోల్లో మా అన్నయ్యవాళ్లు మటన్ తెచ్చుకునే వేళకు మా ఆవిడ అసెంబ్లీలో నిలబడి ఉంటుంది. తెల్లవారుజామున ఐదున్నరకి లేస్తే తప్ప కుదరదు, బడి పొద్దున్నే మొదలవుతుంది. ధివేహి (ఇక్కడి భాష), ఇస్లాం, ఖురాన్ తప్ప మిగతా పాఠాలన్నీ ఇంగ్లిషులోనే, పై తరగతుల్లో కేంబ్రిడ్జి పరీక్షలు. మన సీబీఎస్ఈ పద్ధతికి అలవాటు పడ్డ టీచరుకి మొదటి టర్మ్ అంతా సిలబస్ చదవడమే సరిపోతుంది. పిల్లలు టీచర్లను సర్, మిస్ అంటారు. తల్లిదండ్రులతో మాటలన్నీ వైబర్‌లో. వాట్సాప్ కాదు, వైబర్. క్లాసు గ్రూపులు, బడి నోటీసులు, కొట్టువాడి ధరలు, బోటు కబుర్లు అన్నీ అందులోనే, దిగిన రోజే వేసుకోండి. రాత్రి తొమ్మిదికి కూడా ‘మిస్, రేపు హోంవర్కు ఏంటి’ అని వస్తుంది. మా ఆవిడ ఎనిమిది దాటాక ఫోన్ నాకిచ్చేస్తుంది. ఈ ఒక్క అలవాటూ మా కాపురాన్ని నిలబెట్టిందంటే అతిశయోక్తి కాదు.

ఇప్పుడు అసలు విషయం, పడవ. దీవిలో పండేవి కొబ్బరి, బొప్పాయి, అరటి, మునగాకు, కరివేపాకు, ఒక రకం గుండ్రటి మిరపకాయ (గిథేయో మిరుస్ అంటారు, ఒకటి వేస్తే చాలు, రెండు వేస్తే ఏడుపే). మిగతా కూరగాయలు, ఉల్లిపాయలు, గుడ్లు, పప్పులు అన్నీ బయటి నుంచే రావాలి. ఉల్లి, బంగాళాదుంప, గుడ్లు, బియ్యం లాంటివి మన దేశం నుంచి ఏటా ఒక కోటా ప్రకారం వస్తాయి, 1981 నాటి వాణిజ్య ఒప్పందం కింద. సామాన్ల బోటు వచ్చే రోజు దీవికి సంక్రాంతి. మా బోటు గురువారం మధ్యాహ్నం వస్తుంది, వస్తే. నేను మొదట్లో శుక్రవారం తీరిగ్గా సంచి పట్టుకుని వెళ్లేవాణ్ణి, అప్పటికి వాడిపోయిన రెండు క్యాబేజీలూ కొట్టువాడి సానుభూతీ మిగిలేవి. ఇప్పుడు జెట్టీ దగ్గర ఇంజను చప్పుడు వినగానే చెప్పులు వేసుకుంటా. టమాటా పెట్టెలు కొట్టులోకి వెళ్లకముందే, దారిలోనే, తోపుడు బండి మీదే బేరం అయిపోతుంది. వెంటనే తినాల్సిన ఆకుకూరలు, టమాటాలు రెండు రోజుల్లో అవగొట్టండి, క్యాబేజీ, క్యారెట్టు, గుమ్మడి వారం చివరికి దాచండి, చివరి రోజుల్లో పప్పు, పచ్చడి, మునగాకు. మునగాకు పక్కింటివాళ్లే కోసుకోమంటారు.

మే నుంచి నవంబరు దాకా నైరుతి కాలం, ఇక్కడ హుల్హంగు అంటారు. అప్పుడు సముద్రం అల్లకల్లోలంగా ఉండి బోటు రెండు మూడు రోజులు ఆలస్యం కావొచ్చు, ఒక్కోసారి రాకనే పోవచ్చు. ‘ఏవండీ, బోటు లేదట’ అని బడి నుంచి మెసేజ్ వస్తే ఆ వారం మెనూ మారిపోయినట్టే. ఏప్రిల్ చివరికల్లా ఒక నెలకు సరిపడా బియ్యం, పప్పు, నూనె, పాలపొడి, అదనంగా ఒక గ్యాసు బండ ఉంచుకోండి. ఉప్పుగాలికి అన్నీ చెమ్మగిల్లుతాయి, కారం గడ్డ కడుతుంది, ఇనుప సామాను తుప్పు పడుతుంది, గట్టి మూతల డబ్బాలు తప్పనిసరి.

చేప తినేవాళ్లు అదృష్టవంతులు. ట్యూనా, అది కూడా పొద్దున పట్టింది. అయితే మన కొరమీను పులుసు లెక్కలో దాన్ని వండితే చెడిపోతుంది. మొదటిసారి నేను చింతపండు పులుసు పోసి అరగంట మరిగించాను, ముక్క కట్టెలాగా అయ్యింది, పాప దాన్ని కంచం అంచున కొట్టి చప్పుడు చేసి చూపించింది. పక్కింటి దాత్త (ఇక్కడ అక్కను అలా అంటారు) నవ్వి ఊరుకోకుండా వచ్చి నేర్పింది. పులుసు పూర్తిగా మరిగి చిక్కబడ్డాక పెద్ద ముక్కలు వేసి, ఐదారు నిమిషాల్లో దించెయ్యాలి, గిన్నె వేడికే మిగతాది ఉడుకుతుంది. దించేముందు కాస్త కొబ్బరిపాలు. మా ఇంటి పులుసు ఇప్పుడు ఒంగోలూ కాదు, మాల్దీవులూ కాదు, బాగుంటుంది. ఆవిడే మస్ హుని కూడా నేర్పింది. ట్యూనా, పచ్చికొబ్బరి, ఉల్లి, మిరప, నిమ్మరసం చేత్తో నలిపి కలపడం, రోషితో తినడం. రోషి అంటే మన చపాతీకి తమ్ముడు. శాకాహారులు మాత్రం బయట తినేటప్పుడు జాగ్రత్త, ఇక్కడ బజియా అని అమ్మేదాంట్లో కూడా చేపే ఉంటుంది.

పాప చదువు గురించి నేను తీర్పు చెప్పలేను, మా అనుభవం చెబుతా. అదే బడిలో చేర్చాం. ఇస్లాం పీరియడ్‌లో లైబ్రరీలో కూర్చుంటుంది. ధివేహి ఆరు నెలల్లో ఆటల్లోనే వచ్చేసింది, మాకింకా రాలేదు. ధివేహిని రాసే తాన లిపి కుడి నుంచి ఎడమకి రాస్తారు, దాంట్లో మొదటి తొమ్మిది అక్షరాలు అరబిక్ అంకెల నుంచి పుట్టినవని తెలిసి మా ఆవిడ తెగ సంబరపడింది, అంకెలతో మాటలు రాసే దేశం తనకే సరిపోయిందని. మన దేశానికి తిరిగొచ్చే ఆలోచన ఉంటే పై తరగతులకు ముందే లెక్క వేసుకోండి, ఎన్‌ఐఓఎస్ (మన ఓపెన్ స్కూల్) ఒక దారి. తెలుగు మాత్రం బడి మీద వదిలితే రాదు. మా అమ్మ రోజూ ఇక్కడి ఆరున్నరకి ఫోన్‌లో పాపతో ఒక పేజీ చదివిస్తుంది. నెట్ ప్యాకేజీలు ఖరీదే అయినా ఆ ఖర్చు మాత్రం నేను లెక్కలో రాయను. ఇక ఆటలంటారా, కార్లు లేవు, పోలీసు కుక్కలు తప్ప దేశంలో కుక్కలు లేవు, పిల్లలు సాయంత్రం చీకటి పడేదాకా ఇసుక వీధుల్లో సైకిళ్ల మీదే. ఈత మాత్రం మొదటి నెలలోనే నేర్పించండి, నాలుగు వైపులా సముద్రం పెట్టుకుని ఈత రాకపోవడం ప్రమాదం.

మనుషులతో మెలగడం తేలికే, చిన్న ఊరు పద్ధతి. మీరేం కొన్నారో, మీ ఇంట్లో ఎవరికి జ్వరమో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. బట్టలు నిండుగా ఉండాలి, ఆడవాళ్లకు కాటన్ చుడీదార్లు హాయి. ఫొటోల్లో చూసే బికినీలు రిసార్టులకీ, కొన్ని దీవుల్లో విడిగా గుర్తుపెట్టిన బీచులకీ. నమాజు వేళ కొట్లు కాసేపు మూసేస్తారు, తలుపు దగ్గర నిలబడి కొట్టకండి. రంజాన్ నెలలో పగలు బయట తినడం, నీళ్లు తాగడం కూడా వద్దు, బడి వేళలు మారతాయి. మొదటి రంజాన్‌కి మేం భయపడ్డాం, తీరా చూస్తే సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు నాలుగిళ్ల నుంచి మూత పెట్టిన గిన్నెలు వచ్చాయి, ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని నేను పులిహోర చేసి పంపాను. ఇప్పుడు ఏటా అడుగుతారు. ‘హాలు కిహినే’ అంటే ఎలా ఉన్నారు, ‘రంగళు’ అంటే బాగున్నాం, ‘షుకురియ్యా’ అంటే థాంక్స్. ఈ మూడింటితో సగం ఊరు మీదవుతుంది. ఇళ్ల ముందు ఉందోలి అని ఊయల బల్లలుంటాయి, అచ్చం మన మండువా ఇళ్లలోలాగా. కూర్చోమంటే కూర్చోండి, ఊళ్లో జరిగేదంతా అక్కడే తెలుస్తుంది.

ఒంట్లో బాగోకపోతే దీవిలో హెల్త్ సెంటరు ఉంటుంది, జ్వరాలకీ, కుట్లకీ అది చాలు. స్కాను కావాలన్నా, పెద్ద డాక్టరు కావాలన్నా అటోల్ ఆసుపత్రికో, మాలేకో బోటెక్కాల్సిందే. డెంగీ ఉంటుంది, దోమతెర తెచ్చుకోండి. పంటి పనులు, కళ్లజోళ్లు అన్నీ సెలవులకి ఇంటికెళ్లినప్పుడే చేయించుకోండి. గర్భిణిగా ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లను వెంట తెచ్చుకోవాలనుకునేవాళ్లు బోటు లేని రోజు సంగతి ఆలోచించి మరీ నిర్ణయించుకోండి. జీతం, పాస్‌పోర్టు విషయంలో పేచీ వస్తే మాలేలో మన హైకమిషన్ ఉంది, మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పాస్‌పోర్టు కాపీలు, కాంట్రాక్టు, జీతం స్లిప్పులు అన్నీ ఫోన్‌లో, మెయిల్‌లో రెండు చోట్లా దాచుకోండి.

మా కాంట్రాక్టు ఈ డిసెంబరుతో అయిపోతుంది. మిక్సీ, ఇడ్లీ ప్లేట్లు, కన్వర్టర్లు, గట్టి మూతల డబ్బాలు వచ్చే నెల చేరబోతున్న తమిళ టీచరు కుటుంబానికి ఇచ్చేస్తున్నాం. వాళ్లాయన నిన్న ఫోన్ చేసి, ‘సర్, కుక్కర్ కూడా అక్కడే ఉందటగా, ఇంకేం తేవాలి?’ అని అడిగాడు. మా బ్రాండు పేరు, ఎన్ని లీటర్లో చెప్పి, రెండు గాస్కెట్లు తెచ్చుకోమన్నాను.